అయ్యగారింటి అన్నం

శామీర్‌పేట రోడ్డు మీద ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్లో ఈ సెలవుల్లో నాకు చిన్న పని దొరికింది. ఎవరెవరో ఇచ్చిన పాత పుస్తకాలు మూడు బీరువాల నిండా కుక్కి ఉన్నాయి. వాటి దుమ్ము దులిపి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వెనక నంబర్లు అంటించాలి. మనుషులతో మాట్లాడే అవసరం పెద్దగా ఉండదని ఒప్పుకున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం వంటగది పక్కనున్న రేకుల షెడ్డులో భోజనానికి కూర్చున్నాను. వడ్డించే ముసలామె నా పళ్ళెంలో అన్నం పెట్టి, ముందుకు పోకుండా అక్కడే నిలబడింది. తెల్లబడిన జుట్టు, దారంతో బిగించి కట్టుకున్న కళ్ళజోడు, చెమటకు తడిసిన జాకెట్టు.

"తిను బిడ్డ," అంది. "ఈడ అన్నం ఒక్కతీరుగ ఉడుకుతది."

పక్కన కూర్చున్న వార్డెన్‌కు అది మామూలు మాట. నాకు ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తలెత్తి చూశాను. ఆమె మా ఊరి పాస్టరు అయ్యగారి భార్య. మా ఊళ్ళో క్రైస్తవులందరికీ అమ్మగారు. ఆమెను చూసి చాలా ఏళ్ళయింది. తల దించి అన్నం వైపు చూశాను. నిజమే, ప్రతి మెతుకూ పక్క మెతుకులాగే ఉంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వస్తుంటే, పెద్ద రోడ్డు వదిలి లోపలికి పోతే మా ఊరు. నా చిన్నప్పుడు ఊరి చుట్టూ ద్రాక్ష తోటలే ఉండేవి. రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగలు, తీగల మీద పందిళ్ళు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా పందిరి కింద నేల చల్లగా, తడిగా తగిలేది. మందు కొట్టిన రోజు మాత్రం మైలుతుత్తం వాసనకు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్ళం.

మా వాళ్ళ ఇళ్ళు ముప్పై దాకా ఊరికి ఒక చివర ఉండేవి. చర్చి మాత్రం పటేలు తోట దాటాక, ఒక పరుపు బండ మీద ఉండేది. రాతి గోడలు, పైన రేకులు. దాని వెనక రెండు గదుల్లో అయ్యగారూ అమ్మగారూ ఉండేవాళ్ళు. వాళ్ళది మా ఊరు కాదు. ఎక్కడో దూరం నుంచి సేవకు వచ్చి మా దగ్గరే ఉండిపోయారు. పిల్లలు లేరు.

మా చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉండేది. ప్రతి పూటా అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో పోసే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఒక కుండలో వేయాలి. అది దేవుని కుండ. ఆ కుండలోకి పోయిన గింజ మళ్ళీ ఇంటి పొయ్యికి రాకూడదు. శనివారం సాయంత్రం కుండలోని బియ్యం ఒక గుడ్డ సంచిలోకి వంచేవాళ్ళం. మా సంచి మీద అవ్వ ఎర్ర దారంతో సిలువ గుర్తు కుట్టింది. ఆదివారం ఆరాధనలో ఒక్కొక్క ఇంటి నుంచి ఒకరు లేచి ముందుకు పోయి, బల్ల కింద పెట్టిన పెద్ద గంగాళంలో ఆ బియ్యం పోసి వచ్చేవాళ్ళు. బియ్యం జారే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అయ్యగారు దాని మీద చెయ్యి చాపి ప్రార్థన చేసేవారు. ఆరాధన అయ్యాక అమ్మగారు గంగాళం లోపలికి తీసుకుపోయేవారు. వారమంతా వాళ్ళు తినేది అదే. మిగిలితే ఇద్దరు ముగ్గురు విధవరాళ్ళకు పంచేవారు.

ముప్పై ఇళ్ళ బియ్యం ఒక్క గంగాళంలో కలిస్తే ఏమవుతుంది? ఒకరివి సన్నవి, ఒకరివి రేషనువి, ఒకరివి నూకలు, ఒకరివి ఆ నెలలో మర పట్టించిన కొత్త బియ్యం. కొత్తవి ముద్దయిపోయేసరికి పాతవి ఇంకా పలుకు మీదే ఉండేవి. అయ్యగారింటి అన్నం ఏ రోజూ ఒక్కతీరుగా ఉడికింది లేదు.

"ఇయ్యాల మీ అవ్వ బియ్యం నా పంటికి తగిలినయి," అనేవారు అమ్మగారు నన్ను చూసి. "రెండు ఎసర్లు పోసినా మీ అవ్వలెక్కనే ఉన్నయి. మెత్తగైతలేవు."

"సంఘం గూడ గంతే గదా," అనేవారు అయ్యగారు పలుకును నములుతూ. "కొందరు జల్దీ మెత్తగైతరు, కొందరికి మంట చాలది. అందర్ని ఒక్క కుండలనే వండాలె మరి."

"నీకేంది, నువ్వు మాటలు చెప్తవు. మంట కాడ కూసునేది నేను."

నేను అక్కడికి పుస్తకాల కోసం పోయేదాన్ని. అయ్యగారి దగ్గర అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉండేది. తెరవగానే కలరా ఉండల వాసన. అందులో పిల్లల కథలు, పాత నిఘంటువులు, అట్టలు ఊడిన వారపత్రికలు. ఏ పుస్తకం తీసుకున్నా ఆయన ఒక్కటే అడిగేవారు, చదివినవా అని. నేను తలూపితే చాలు, ఇంకేమీ అడిగేవారు కాదు. ఇంట్లో, బళ్ళో అందరూ "నోరు తెరువు" అని నన్ను గదిమేవాళ్ళు. ఆయన ఒక్కరే గదమలేదు. డైరీ రాసుకొమ్మని మొదట ఇచ్చింది కూడా ఆయనే. అది మూడేళ్ళ కిందటి డైరీ. వారాలు కలవవు. "వారం కొట్టేసి రాస్కో," అన్నారు.

ప్రభు భోజనానికి ద్రాక్షరసం అమ్మగారు ఇంట్లోనే కాచేవారు. ఆ రోజు అయ్యగారిని వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆయనకు షుగరు. "వాసన చూస్తెనే నీకెక్కుతది, బయట కూసో," అని తరిమేవారు. ఒకసారి ఆ రసం చల్లార్చిన గిన్నెలోంచి నేను రెండు చెంచాలు తాగాను. బాప్తిస్మం కూడా తీసుకోని పిల్లను. అమ్మగారు నన్ను పిలిచి, "నాలిక సూపెట్టు," అన్నారు. ఊదారంగు నాలుక చూపించేలోపే ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆమె నవ్వి నా మూతి తుడిచి, "నీ కడుపుల ఏది దాగది బిడ్డ," అన్నారు.

ఆ మాట ఎందుకు రాస్తున్నానో చివరికి తెలుస్తుంది.

లోకమంతా ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఏడాది నేను ఏడో తరగతి. పరీక్షలు లేవంటే మొదట సంతోషించాను. తరువాత నాన్న, మా బాపు, పని చేసే కంపెనీ మూసేశారు. మేడ్చల్ దగ్గర సీసాలకు మూతలు తయారుచేసే షెడ్డు అది. పొద్దున్నే స్నానం చేసి, అన్నం గిన్నె పట్టుకుని పోయే మనిషి, గిన్నె లేకుండా అరుగు మీద కూర్చోవడం నాకు భయంగా ఉండేది. రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. రైళ్ళు ఆగిపోయాయి. రోజూ వినిపించే కూత లేకపోయేసరికి సాయంత్రం ఎప్పుడయ్యేదో అవ్వకు తెలిసేది కాదు.

చర్చి గేటుకు తాళం వేసి కాగితం అంటించారు.

అది ద్రాక్ష కోతల కాలం. లారీలు రాలేదు. పండ్లు పందిళ్ళ మీదే పగిలిపోయాయి. పటేలు వచ్చి, "తెంపుకపోండ్రి, ఎట్లయిన మురిగేవే," అన్నాడు. మూడు రోజులు పండగలా తిన్నాం. నాలుగో రోజు నుంచి నాలుకలు పగిలాయి, కడుపులు నొచ్చాయి. ఊరంతా పులిసిన వాసన, కల్లు దుకాణం లాగా. కందిరీగలు ఇళ్ళలోకి వచ్చేవి. ఆ వాసన ఇప్పుడెక్కడ తగిలినా అక్కడి నుంచి లేచి పోతాను.

రేషను బియ్యం వచ్చాయి. కానీ పప్పు లేక, నూనె లేక, ఒట్టి అన్నమే ఎక్కువ తినడం వల్ల నెల నిండకముందే డబ్బా అడుగు కనిపించేది. ఒక పూట జొన్న అంబలి, ఒక పూట అన్నం అని అమ్మ లెక్క పెట్టింది. అయినా అవ్వ దేవుని కుండను ఆపనివ్వలేదు.

"అత్తా, చర్చికే తాళమేసిండ్రు. గీ కుండల ఎవరికోసం పోస్తున్నం?" అంది అమ్మ ఒక రోజు.

"తాళం చర్చికేసిండ్రు, దేవునికేసిండ్రా?"

"దేవుడొచ్చి తింటడా?"

"ఆయిన పెడితెనే గదా నువ్వు తింటున్నవు." అవ్వ కుండ మీద మూత సరిచేసింది. "గత్తర రోగమొచ్చిన్నాడు ఊర్ల దినానికి ఇద్దరు పోయిండ్రట. అప్పుడు గూడ మా నాయిన దేవుని బియ్యం ముట్టనియ్యలే. మేమంత బతికినం."

అరుగు మీది నుంచి బాపు అన్నాడు, "పోనీ, నేను తోట దాటి పొయ్యి అయ్యగారింట్ల ఇచ్చొస్త తియ్యి. కుండ నిండుతున్నది."

అవ్వ ఆయన వైపు తిరిగి చూసిన చూపు నాకు గుర్తుంది. "ఇంటికి పొయ్యి చేతిల పోస్తె అది బిచ్చమైతది. దేవుని ముంగట పోస్తెనే కానుక. అంత పెద్దమనిషిని బిచ్చమెత్తుకునేటోన్ని చేస్తవా?"

బాపు తల దించుకున్నాడు. "అది నిజమే. అయినా ఆయినకేంది, పట్నం సంఘపోళ్ళు పంపుతనే ఉంటరు."

మా ఇంట్లోనే కాదు, ముప్పై ఇళ్ళలోనూ ఇదే మాట నడిచి ఉంటుంది. దేవుని ముందు పోయాల్సింది దారిలో ఎవరి చేతికీ ఇవ్వకూడదని అందరికీ పట్టింపే. అయ్యగారికి ఎవరో పంపుతూ ఉంటారని అందరికీ నమ్మకమే.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను పిలవడం మొదలుపెట్టింది. బియ్యం కొలిచి, "నువ్వు రా, పిడికెడు నువ్వు తియ్యి. నీ చెయ్యి మంచిది," అనేది. నాకు గర్వంగా ఉండేది. నాలుగు రోజుల తరువాత అవ్వ గుంజకు ఆనుకుని కూర్చుని అంది, "కోడలా, పిల్ల పిడికిలితోని దేవుని కొలుస్తున్నవా?"

ఇంట్లో చిన్న చెయ్యి నాదే. అప్పటిదాకా నాకు తట్టలేదు.

"పిడికెడన్నరు గని, ఎవరి పిడికెడని చెప్పలే గదత్తా," అంది అమ్మ.

అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వేసింది. ఆ నెలలో మా ఇంట్లో వినిపించిన నవ్వు అదొక్కటే.

ఆదివారాలు ఫోనులో ఆరాధన. బాపు ఫోను స్టీలు గిన్నెలో నిలబెడితే శబ్దం పెద్దగా వచ్చేది. ఆడవాళ్ళం తల మీద గుడ్డ కప్పుకుని చాప మీద కూర్చునేవాళ్ళం. "మనల్ని పుట్టిచ్చినోనికి మన ఆకలి ఎరుక. ఆయిన మర్చిపోడు," అనేవారు అయ్యగారు. గిన్నెలోంచి వస్తున్నందుకో ఏమో, వారం వారానికి ఆ గొంతు సన్నబడుతున్నట్టు ఉండేది. ఎవరో అడిగేవాళ్ళు, "అయ్యగారు, మీరు మంచిగున్నరా?" అని. "దేవుని కృపల మంచిగున్నం," అనేవారు. అవ్వ "స్తోత్రం" అనేది.

ఒక బుధవారం మధ్యాహ్నం, చదివేసిన పుస్తకం చున్నీ చాటున పెట్టుకుని నేను తోట దాటి పోయాను. ఎవరికీ చెప్పలేదు. కాళ్ళ కింద మురిగిన పండ్లు చితికి చెప్పులకు అంటుకున్నాయి.

ఆ ఇంటి ముందుకు రాగానే ఏదో తేడా తెలిసింది. ఏమిటో మొదట పోల్చుకోలేకపోయాను. ఆ ఇంట్లో ఎప్పుడూ గంజి వాసన ఉండేది. ఆ రోజు లేదు. అమ్మగారు గడపలో కూర్చుని ఒక తట్టలో ద్రాక్ష పండ్లు ఏరుతున్నారు, మురిగినవి ఒక పక్క, తినదగినవి ఒక పక్క. వంటింట్లో బియ్యం డబ్బా కడిగి బోర్లించి ఉంది. పొయ్యిలో బూడిద కూడా లేదు.

అయ్యగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. పాదాలు పొంగి మెరుస్తున్నాయి. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ పడుకుని, "చదివినవా?" అన్నారు. తలూపాను. ఆయన తలగడ పక్కన ఒక గిన్నెలో ద్రాక్ష తొక్కలు ఉన్నాయి. వాసన చూస్తేనే ఎక్కుతుందన్న పండ్లు.

"అమ్మగారు, తిన్నరా?" అన్నాను. పెద్దవాళ్ళను నేనై నేను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారేమో.

"తిన్నం బిడ్డ. పండ్లు తిన్నం." ఆమె చేతులు ఆగలేదు. "బియ్యమైపోయి ఐదు దినాలాయె. మా కార్డు మా ఊర్లుండె, ఈడ ఇయ్యరు. అయ్యగారి షుగరు గోలీలు గూడ నిండుకున్నయి." అప్పుడు నా ముఖం చూసి, గొంతు మార్చారు. "ఇంట్ల చెప్పకు బిడ్డ. అందరికి కష్టమే ఉన్నది గదా. దేవుడు చూస్తడు."

అయ్యగారు బీరువాలోంచి ఇంకో పుస్తకం తీసుకొమ్మని చేత్తో చూపించారు. తీసుకున్నాను. ఆ పుస్తకం నేనింతవరకు చదవలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బియ్యం కొలుస్తోంది. "రా, పిడికెడు తియ్యి," అంది. తీశాను. కుండ మూత తెరిచి చెయ్యి పెడితే, మణికట్టు దాకా కూడా దిగలేదు. కుండ అంచుల వరకూ నిండి ఉంది. అవ్వ పక్కనే కూర్చుని కీర్తన గొణుగుతోంది. బాపు అరుగు మీద ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. నేను పిడికిలి తెరిచి బియ్యం కుండలో జార్చి, మూత పెట్టాను.

డైరీలో ఇలా రాశాను: "అయ్యగారింట్లో బియ్యం లేవు. ఇంట్లో చెప్పొద్దన్నారు."

చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు. అదొక కారణం. పెద్దల ముందు నేను నోరు తెరవను. అదొకటి. మూడోది డైరీలో కూడా రాయలేదు. అంతకు ముందు రోజు అమ్మ బాపుతో మెల్లగా అంటుంటే విన్నాను: "ఆదివారం దాక చూస్త. తర్వాత మీ అమ్మ ఏమన్నా అననియ్యి, ఆ కుండ దించుత." నేను ఆ ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాను. కడుపు నిండా అన్నం తినడానికి. చెబితే ఆ బియ్యం తోట దాటి పోతాయి.

ఆదివారం ఫోనులో అయ్యగారి గొంతు రాలేదు. అమ్మగారే మాట్లాడారు. "అయ్యగారికి నలతగున్నది. ప్రార్థన చెయ్యండ్రి."

బాపు గిన్నె మీదికి వంగి, "ఏమన్న కావాల్నా అమ్మగారు?" అన్నాడు.

నేను కుండ వైపు చూశాను.

"ఏమొద్దు అయ్యా. ప్రార్థన చెయ్యండ్రి."

చేశాం. ముప్పై ఇళ్ళలో, నిండిన ముప్పై కుండల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏడ్చి మరీ ప్రార్థన చేశాం. ఆ రోజు అమ్మ కుండ దించలేదు. అయ్యగారు మంచాన ఉండగా ముడితే పాపం తగులుతుందంది.

మంగళవారం ఆసుపత్రి తెల్ల బండి వచ్చింది. మనుషులు ముఖాలు కూడా కనిపించకుండా కప్పుకుని దిగారు. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. అయ్యగారిని ఎక్కించుకున్నారు, అమ్మగారిని ఎక్కనివ్వలేదు. మూడో రోజు బాపుకు ఫోనొచ్చింది. ఆయన ఫోను పెట్టేసి, చెప్పులు విడిచి, అరుగు మీద నిలబడ్డాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు.

అయ్యగారిని ఎక్కడ పాతిపెట్టారో మా వాళ్ళెవరూ చూడలేదు. పెట్టె లేదు, పాట లేదు, పిడికెడు మన్ను వెయ్యడానికి ఒక్క చెయ్యి లేదు. అమ్మగారిని రెండు వారాలు ఇంట్లోంచి కదలొద్దన్నారు. మండలాఫీసు వాళ్ళు ఒక బియ్యం సంచి గేటు దగ్గర దింపి పోయారట. మేం మాత్రం ఆ జబ్బే అనుకుని తోట వైపు చూడడానికే భయపడ్డాం. ఆ జబ్బు కాదని, షుగరని ఆసుపత్రి చీటీ తరువాత వచ్చింది.

మళ్ళీ చర్చి తెరిచిన ఆదివారం అందరం సంచులు మోసుకుని పోయాం. అన్ని వారాల బియ్యం. గంగాళం నిండి, పొర్లి, చాప మీద కుప్పయింది. అంత బియ్యం మా చర్చిలో నేనెన్నడూ చూడలేదు. చూస్తుండగానే ఆ కుప్ప కదలడం మొదలుపెట్టింది. ముక్కుపురుగులు. ప్రతి ఇంటి సంచిలోనూ పట్టి ఉన్నాయి. నల్లగా, మెల్లగా, చాప మీదికి, బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీదికి పాకాయి.

అమ్మగారు తెల్ల చీరలో కుప్ప ముందు కూర్చున్నారు. ఒక పిడికెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చి, "మస్తు తెచ్చిండ్రు," అన్నారు. కోపంతో కాదు. తలెత్తి ఆడవాళ్ళ వరసను చూస్తూ చూస్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగారు. తరువాత చేట తెమ్మన్నారు.

గంగాళం లోపలికి మోసుకుపోయింది మా అవ్వే. బియ్యం డబ్బా కోసం చూసిందట. ఆఫీసు వాళ్ళ సంచిలోవి అప్పటికే అయిపోయి, డబ్బా మళ్ళీ కడిగి బోర్లించి ఉందట. పక్కన తట్టలో ఎండిన ద్రాక్ష కాడలు, ఒక తట్ట నిండా. అవ్వ బయటికి వచ్చి బండ మీద కూర్చుండిపోయింది. ఎవరు పిలిచినా లేవలేదు. చివరికి అమ్మ పోయి చెయ్యి పట్టుకుంటే అంది:

"దేవుడు మన చేతుల పెట్టిండు. మనం కుండల పెట్టినం."

ఆ తరువాత మూడు ఆదివారాలు అవ్వ చర్చికి రాలేదు. దేవుని కుండను తనే కడిగి అటక మీద బోర్లించింది. పొద్దున్నే పిడికెడు బియ్యం కొంగున ముడి వేసుకుని, కట్టె పట్టుకుని వీధుల్లో తిరిగేది. ఎవరింట్లో పొయ్యి అంటుకోలేదో చూసి, అక్కడ ముడి విప్పేది. "బిచ్చమో కానుకో ఆయిననే రాస్కోని," అనేది.

అమ్మగారు ఆ బియ్యమంతా చెరిగి, విధవరాళ్ళకు పంచి, ఒక ట్రాలీ ఆటోలో వెళ్ళిపోయారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అడిగే ముఖం ఎవరికుంది.

అవ్వ రెండేళ్ళకు మంచాన పడింది. పోయే ముందు ఒక సాయంత్రం కాళ్ళు పిసుకుతుంటే అడిగింది, "ఆయింట్ల బియ్యం లేవని ఊర్ల ఒక్కరికన్న ఎరుకై ఉంటదా బిడ్డ? ఒక్కరికన్న?"

"ఏమో అవ్వా," అన్నాను.

ఇప్పుడు పటేలు తోటలు లేవు. కడీలు పీకేసి, తెల్ల రాళ్ళు పాతి, ప్లాట్లు చేశారు. చర్చి కూడా కొత్తది కట్టారు, నున్నటి టైల్సు, ఏసీ పెట్టెలు. పిడికెడు బియ్యం ఆచారం పోయింది. కానుకలకు గోడ మీద స్కానర్ అతికించారు. మాకిప్పుడు కుక్కరు ఉంది. అమ్మ గ్లాసుతో కొలిచి నేరుగా పోసేస్తుంది.

హాస్టల్లో ఆ రోజు అందరూ తిని లేచాక నేను పళ్ళెం పట్టుకుని కుళాయి దగ్గరికి పోయాను. అమ్మగారు గంగాళం లాంటి పెద్ద గిన్నె తోముతున్నారు. పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ళూ మనసులో అనుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే బయటికి వచ్చింది.

"అమ్మగారు, ఆనాడు నేను ఇంట్ల చెప్పలే."

"ఎరికే బిడ్డ."

నీళ్ళు పోతున్నాయి. ఆమె కుళాయి కట్టేశారు.

"చెప్పద్దన్నరు గదా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"అన్న. పెద్దోళ్ళు గట్లనే అంటరు. నీ కడుపుల ఏది దాగదనుకున్న." తడి చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు. "నువ్వు పోయినంక అయ్యగారు లేచి కూసుండి స్తోత్రం చెప్పిండు. దేవుడు పిల్లను పంపిండు, చూసిపోయింది, ఇగ రేపటికి బియ్యమొస్తయి అన్నడు. నేను తోటల కట్టెలేరుకొచ్చి పొయ్యంటువెట్టిన. ఎసరు వెట్టుకోని కూసున్న. ఇంకిపోతె ఇంకిన్ని నీళ్ళు పోసిన. రెండు దినాలు."

ఆమె నా ముఖం చూసి, చేతిలోని పళ్ళెం వైపు చూశారు. అందులో సగం అన్నం అలాగే ఉంది.

"అది పారెయ్యకు," అన్నారు. "కూసోని తిను. నేను చారు పోస్త."

కూర్చుని తిన్నాను. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని, చివరి మెతుకు దాకా చూశారు.

ఇంటికి వచ్చి ఆ పాత డైరీ తీశాను. వారం కొట్టేసిన ఆ పేజీలో నా చిన్నప్పటి గుండ్రటి అక్షరాలతో రెండే వాక్యాలున్నాయి. కింద పేజీ అంతా ఖాళీ. మూడో వాక్యం ఇప్పుడు రాశాను.

"అమ్మగారు ఎసరు పెట్టుకుని కూర్చున్నారు."